డొక్కల పోగు దగ్గర ఆగే బస్సు

ఇసుకలపేట,
9-6-2003

బస్సుల ఆఫీసులో పెద్దబాబు గారికి మడ్డు చిన్నతల్లి దణ్ణం పెట్టి రాయునది.

మీరు క్షేమమని తలుస్తాను. మీ ఇంటావిడ, పిల్లలు క్షేమమని తలుస్తాను. మీ అమ్మగారికి కీళ్లనొప్పులుంటే తగ్గాయని తలుస్తాను. మా ఊరొచ్చే బస్సు డ్రైవరు సన్యాసయ్యకు దగ్గు తగ్గింది. కండక్టరు పెంటయ్యకు కాలు బెణికింది గానీ నడుస్తున్నాడు. బస్సు మాత్రం క్షేమంగా లేదు. అది చెబుదామనే ఈ ఉత్తరం. మీ చిరునామా బస్సులో డ్రైవరు తలకు పైన రేకు మీద రాసి ఉంటే చూసి రాసుకున్నాను.

మా ఇల్లు ఊరి చివర. పలాస నుంచి వచ్చే బస్సు గట్టు దిగి మా వాకిలి ముందు ఆగి, అక్కడే వెనక్కి తిరుగుతుంది. వాకిట్లో నా కొబ్బరి డొక్కల పోగుంది. కాయలు ఒలిచాక డొక్కలు పోగేసి, పీచు మిల్లు లారీ వచ్చినప్పుడు అమ్ముకుంటాం. పోగు వెనకాల జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల పాక.

బస్సు రోజూ వచ్చి నా డొక్కల్లో మూతి పెట్టి ఆగుతోంది. సన్యాసయ్యకు చూపు తగ్గిందేమో అనుకున్నాను. నిన్న అడిగేశాను.

"ఏటి సన్నాసయ్యా, రోజూ నా డొక్కల మీదికే తోల్తన్నావు. కళ్లు కనబడవేటి?"

"కనబడతన్నాయి కాబట్టే గురి సూసి గుద్దుతన్నానమ్మా. బ్రేకు నేదు. నీ డొక్కలే నా బ్రేకు."

బాబూ, అప్పటినుంచి నాకు ఒకటే బెంగ. నా మనవరాలు యామిని పలాసలో ఇంటరు చదువుతోంది. రోజూ ఆ బస్సులోనే వెళ్లి రావాలి. వెనక కూర్చుంటే వాంతులని ముందు సీటులో కూర్చుంటుంది. ఇప్పుడు కంచిలి నుంచి లారీవాడు డొక్కలకు వచ్చి కూర్చున్నాడు. అమ్మేస్తే బస్సు ఎలా ఆగుతుంది? ఉంచేస్తే వానలకు కుళ్లిపోతాయి. అమ్మమంటారా, ఉంచమంటారా? మీరు బ్రేకు వేయిస్తే ఈ బెంగ ఉండదు.

ఇట్లు,
చిన్నతల్లి

తా.క. బస్సు హారను చాలా బాగా పనిచేస్తోంది. ఆపలేడు కదా, గట్టు మీంచి దాన్నే మోగిస్తూ దిగుతాడు. ఆ చప్పుడు వినగానే పాకలో ఆడవాళ్లు పిక్కలు వదిలేసి బయటికొచ్చి నిలబడతారు.

*

ప్రయాణికుల భద్రతా విభాగం,
ఉద్దానం తీర బస్సుల సంస్థ,
20-6-2003

శ్రీమతి మడ్డు చిన్నతల్లి గారికి,

మీ ఉత్తరము అందినది. బస్సు తిరుగు స్థలములో కొబ్బరి డొక్కలు పోగువేసి, బస్సు వాటిని ఢీకొనుటకు కారకులైనట్లు మీరే లిఖితపూర్వకముగా అంగీకరించినందుకు సంతోషము.

ఇక బ్రేకుల విషయము. సదరు బస్సుకు కిందటి ఏడాదే కొత్త బ్రేకులు వేయించి ఖర్చు చూపించడమైనది. కావున బస్సుకు బ్రేకులు ఉన్నవి. అవి లేవనుట పొరపాటు.

డొక్కల పోగును వెంటనే తొలగించవలెను. లేనిచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును.

భవదీయుడు,
ధనుంజయ్,
భద్రతాధికారి

తా.క. హారను గురించిన మీ ప్రశంసను సంబంధిత సిబ్బందికి తెలియజేయడమైనది. అధికారికి ఇంకా వివాహము కాలేదు.

*

ఇసుకలపేట,
28-6-2003

ధనుంజయ్ బాబు గారికి చిన్నతల్లి భయపడుతూ రాయునది.

మీరు క్షేమమని తలుస్తాను. పెళ్లి కాలేదన్నారు, వేళకు అన్నం ఎవరు పెడుతున్నారో అని అదొక బెంగ పట్టుకుంది. ఇక్కడ నేను క్షేమంగా లేను.

మీ ఆఫీసు భాష నాకు అందక, మీ ఉత్తరం యామిని చదివి చెప్పింది. చర్య అన్న మాట మూడుసార్లు చదివించుకున్నాను. మా వంశంలో పోలీసు స్టేషను గడప తొక్కినవాళ్లు లేరు. కొత్త బ్రేకులు వేశారన్న ముక్క సన్యాసయ్యకు కూడా చదివి వినిపించాను. అతను బస్సు కిందకు దూరి, వెల్లకిలా పడుకుని, చాలాసేపు వెతికి వచ్చాడు.

"నాకైతే అగుపడనేదమ్మా. ఖర్సు సూపించినారట కదా, బ్రేకు కూడా ఓపాలి సూపించమను."

"అలగనకు నాయనా, గవర్నమెంటోళ్లు రాసినారంటే ఏదో బస్సుకి ఏసే ఉంటారు" అన్నాను.

చట్టానికి భయపడి మర్నాడే మనుషుల్ని పెట్టి పోగు తీయించేశాను. సాయంత్రం బస్సొచ్చింది. ఆగలేదు. మా దడి దాటింది, బొప్పాయి చెట్టు దాటింది, తిన్నగా పిక్కల పాకలోకి దూరి, అవతలి గోడకు ఆనుకుని ఆగింది. హారను పుణ్యమా అని ఆడవాళ్లంతా ముందే బయటికొచ్చేశారు. లోపల ఒక్క పీటా మిగల్లేదు. యామినికి నుదురు బొప్పి కట్టింది. పసుపు పెట్టాను. అదేమో నవ్వుతోంది. కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేశాను.

దీపాలు పెట్టే వేళకు ఊరి ఆడవాళ్లమంతా కలిసి పోగు మళ్లీ వేసేశాం. చర్య తీసుకోవాలనుకుంటే నామీద తీసుకోండి బాబూ, పోగు మీద తీసుకోకండి.

మీ మాట జవదాటిన,
చిన్నతల్లి

తా.క. పెంటయ్య మంచి డ్యూటీ మనిషి. బస్సు పాకలో ఆగాక ఒకామె భయంతో దిగకుండా కూర్చుంటే, స్టేజీ దాటిపోయిందని ఇంకో టిక్కెట్టు కొట్టాడు.

*

ప్రయాణికుల భద్రతా విభాగం,
5-7-2003

శ్రీమతి చిన్నతల్లి గారికి,

మీ రెండవ ఉత్తరమును సానుభూతితో పరిశీలించడమైనది. డొక్కల పోగు ప్రజాప్రయోజనకరమని తేలినందున తొలగింపు ఉత్తర్వును రద్దు చేయుచున్నాము. ఇకపై పోగును తగిన ఎత్తులో, పొడిగా ఉంచు బాధ్యత మీది. సంస్థ అనుమతి లేనిదే అమ్మరాదు.

మీ సహకారము వలన ఈ ఏడాది మీ బస్సు బ్రేకులకు కేటాయించిన సొమ్ము మిగిలినది. దానిని భద్రతా వారోత్సవాల బ్యానర్లకు వినియోగించడమైనది. మీ ఊరికి కూడా ఒక బ్యానరు పంపుచున్నాము.

ఇతర గ్రామములకు ఆదర్శముగా చూపుటకు పోగును ఫోటో తీయవలసి ఉన్నది. అందుకై జులై 17, గురువారము నేనే స్వయముగా జీపులో వచ్చుచున్నాను.

భవదీయుడు,
ధనుంజయ్

తా.క. జీపు బ్రేకులు బాగున్నవి. నా రాక కోసము పోగును ఎత్తు పెంచనక్కరలేదు.

*

ఇసుకలపేట,
9-7-2003

ధనుంజయ్ బాబుకి చిన్నతల్లి దీవించి రాయునది.

మీరు వస్తున్నారని తెలిసి సంతోషం. నా డొక్కలు గవర్నమెంటువి అయిపోయాయని తెలిసి మాత్రం మంచంలోంచి లేవలేకపోయాను. వాన పడితే నేను తడిసినా సరేనని పోగుకు గొడుగు పట్టి నిలబడుతున్నాను. బ్యానరు అందింది. 'మీ భద్రతే మా బాధ్యత' అని రాసుంది. పెద్దదీ, దిట్టమైనదీ కాబట్టి పోగు మీద కప్పాం. నీళ్లు దిగడం లేదు.

మన బస్సుండగా జీపెందుకు బాబూ, ఆయిలు దండగ. పలాసలో మన బస్సే ఎక్కండి. సన్యాసయ్యతో చెప్పాను. ముందు సీటు మీకోసం ఖాళీగా ఉంచుతాడు. ఆ ఒక్కరోజూ యామినిని వెనక కూర్చోమన్నాను, వాంతులైనా పరవాలేదు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. పనసకాయ కూర చేస్తాను.

మాలో ఒక పద్ధతుంది. కుర్రాణ్ణి భోజనానికి పిలిస్తే ఆ ఇంటి పెద్దను ముందు పిలవాలి. పెద్దను వదిలేసి పిల్లాణ్ణి పిలిస్తే అవమానం చేసినట్టు. మీకు పెళ్లా పాడా, మీ పెద్దలెవరో నాకేం తెలుసు? మీ ఆఫీసు కాగితం పైన ప్రధానాధికారి అని అచ్చేసి ఉంటే, ఆయనే మీ ఇంటి పెద్దనుకుని, కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి పిలుపు పంపాను. ఆయన కూడా మీతోపాటు మన బస్సులోనే, మీ పక్క సీటులోనే వస్తారని రాశాను. మీరు నాకు రాసిన ఉత్తరాలు రెండూ యామిని చేత నకలు రాయించి ఆ పిలుపుతో పెట్టాను. మా కుర్రాడు ఎంత వివరంగా రాస్తాడో అని ఆయన మురిసిపోతారు.

మీ రాక కోసం చూసే,
చిన్నతల్లి

తా.క. పోగులో కూరుకుపోయాక ముందు తలుపు తెరుచుకోదు. కిటికీలోంచి దింపడానికి పెంటయ్య ఉన్నాడు. మీరిద్దరిలో ఎవరైనా లావుగా ఉంటే ముందుగా ఒక ముక్క రాయండి.

*

14-7-2003

అమ్మా,

ఎంత పని చేశారు. ఇది ఆఫీసు ఉత్తరం కాదు, టైపు చేసే ఓపిక కూడా లేక చేత్తో రాస్తున్నాను.

మీ పసుపు కార్డు పట్టుకుని మా ప్రధానాధికారి నేరుగా నా గదిలోకి వచ్చారు. నా ఉత్తరాల నకళ్లు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆయన అడిగింది ఒక్కటే.

"నేనెక్కాల్సిన బస్సుకి బ్రేకులున్నాయా?"

"కిందటేడాదే వేయించాం సార్" అన్నాను. అలవాటైపోయింది.

"అయితే నువ్వు ముందు సీటులో కూర్చో. నేను నీ వెనక కూర్చుంటాను."

అంతే. ఆ పూటే మీ బస్సును లారీకి కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మెకానిక్కులందరినీ దానిమీదికే పంపారు. ఎక్కడినుంచి తెచ్చారో నన్నడగకండి, బ్రేకులు వచ్చేశాయి. టైర్లు వచ్చేశాయి. నేల రేకు కూడా మార్చారు. బ్రేకులకు కిందటి ఏడాది ఖర్చు ఎవరు చూపించారో చెప్పమని ఇప్పుడు అందరినీ వరసగా పిలిచి అడుగుతున్నారు. రేపు నా వంతు.

గురువారం అయ్యగారికి వేరే సమావేశం పడింది. నేనూ రాలేను. దయచేసి ఇకమీదట పైవాళ్లకు నేరుగా పిలుపులు పంపకండి.

మీ
ధనుంజయ్

తా.క. తలుపు కూడా బాగుచేయించాం. నేను లావు కాదు.

*

ఇసుకలపేట,
24-7-2003

చిరంజీవి ధనుంజయ్ బాబుకి చిన్నతల్లి ఆశీర్వదించి రాయునది.

నువ్వు క్షేమమని తలుస్తాను. మీ పెద్దాఫీసరు గారు క్షేమమని తలుస్తాను. అడిగేవాళ్ల ముందు నిజం చెప్పేసి నువ్వు నిబ్బరంగా ఉన్నావని తలుస్తాను. సన్యాసయ్య, పెంటయ్య, యామిని క్షేమం. బస్సు కూడా క్షేమం. ఈ మాట రాయడం నాకు అలవాటు లేదు.

గురువారం పనసకాయ కూర వండి, విస్తళ్లు కడిగి, వాకిట్లో నిలబడ్డాను. మీరు రాలేదు. బస్సొచ్చింది. హారను లేదు, కేక లేదు. గట్టు దిగి, పోగుకు చాలా దూరంలో టక్కున ఆగింది. లోపల ఎవరూ సిద్ధంగా లేరు, అందరూ ముందుకు పడ్డారు. పెంటయ్యకు పెదవి చిట్లింది. ఇన్నాళ్లూ ఆగని బస్సులో చిట్లని పెదవి ఆగిన బస్సులో చిట్లింది. సన్యాసయ్య మాత్రం దిగడు. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే కూర్చున్నాడు.

"దిగరా నాయనా, కూర సల్లారిపోతంది."

"కాలు తీత్తే మళ్లీ పోద్దేమోనమ్మా. ఇంకో అయిదు నిమషాలు తొక్కనీ."

యామిని తలుపులోంచి దిగింది. దిగి నన్ను పట్టుకుంది. దాని నుదురు తడిమి చూశాను, బొప్పి లేదు.

కంచిలి లారీకి డొక్కలు ఇంకా అమ్మలేదు. నమ్మకం కుదరాలి కదా.

ఒక సంగతి తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ మతిపోతోంది బాబూ. ఇంతమందిమి రోజూ ఎక్కితే ఏడాది పొడుగునా దొరకని బ్రేకు, మీరిద్దరూ ఒక్కసారి ఎక్కుతారనేసరికి ఒక్క పూటలో దొరికింది. ఈ కిటుకు నాకు ముందే తెలిస్తే మిమ్మల్ని ఎప్పుడో భోజనానికి పిలిచేదాన్ని.

మా చెల్లెలు బొడ్డమ్మది సంతబొమ్మాళి దగ్గర సముద్రపు ఒడ్డున ఊరు. వాళ్ల బస్సుకు స్టీరింగు చేతికి ఊడొచ్చేస్తుంటే తాడుతో కట్టి తోలుతున్నారట. ఇసకలో కూరుకుంటే గానీ ఆగదట. విన్నప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అందుకని చెల్లెలికి చెప్పి వాళ్లింట్లో భోజనం ఏర్పాటు చేయించాను. పెద్దాఫీసరు గారికి పసుపు కార్డు వెళ్లిపోయింది. ఈసారి ఆయన ఇంటావిడకి కూడా బొట్టుపెట్టి వేరే కార్డు పంపాను. మీకు వీలుకాకపోతే రానక్కర్లేదు, వస్తున్నారని అందరికీ తెలిస్తే చాలు.

మీ మేలు కోరే,
చిన్నతల్లి

తా.క. చేపల పులుసు. బస్సు టెక్కలిలో పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కాలి. ముందు సీట్లు మూడూ మీవే. ఆగస్టు పదమూడు, బుధవారం.