కార్యదర్శి తెచ్చిన తాంబూలం

చిత్తూరు

చిరంజీవి నవీనకు నాయన దీవెనలు.

నీకు పెండ్లి కుదిరింది తల్లీ. ఫోన్లో చెబితే సగంలోనే పెట్టేస్తావని రాస్తున్నా. ఎలక్ట్రీషియన్ల సంఘం కార్యదర్శి జయచంద్ర తానే మామిడిపళ్లు, తాంబూలం తీసుకుని ఇంటికి వచ్చినాడు. "గొడవలెందుకన్నా, కలిసిపోదాం" అన్నాడు. ఆయనకు పెండ్లీడు కొడుకు ఉండాడని నాకు తెలియదా? రెండు చేతులా అందుకున్నా. మీ అమ్మ సంతోషంతో ఏడ్చేసింది.

నీ నాయన,
మునస్వామి

తా.క.: యశోదమ్మ అత్తకు చెప్పినా. ఇంక ఊరికి వేరుగా చెప్పే పని లేదు.

రేణిగుంట

నాయనకు నమస్కారం.

పొద్దుటి నుంచి నిచ్చెన పట్టుకుని నిలబడి, ఇప్పుడే వచ్చి నీ ఉత్తరం చదివాను. ఆయన వచ్చింది కొడుకు కోసం కాదు, సంఘం మీద నేను వేసిన కేసు కోసం. సర్కారు లైసెన్సు నాకుంది. కానీ సంఘం కార్డు లేకపోతే ఇక్కడి గోడౌన్లలో ఎవరూ పని ఇవ్వరు. ఆడవాళ్లకు కార్డు ఇవ్వకూడదని సంఘం తీర్మానం. అందుకే కార్డున్న ఎలక్ట్రీషియన్ కుప్పయ్యకు స్క్రూడ్రైవర్లు అందిస్తూ బతుకుతున్నాను. నువ్వు తాంబూలం పుచ్చుకుంటే, రాజీకి ఒప్పుకున్నామని వాళ్లు చెప్పుకుంటారు. తిరిగి ఇచ్చెయ్. ఇంకేమీ చెయ్యకు. నాకు ఓపిక లేదు.

నీ కూతురు,
నవీన

తా.క.: ఆ పళ్లు తినలేదు కదా?

చిత్తూరు

బంగారు తల్లికి,

పెండ్లి తప్పిపోయింది, కార్డు వచ్చింది! పళ్లు తినేసినాము. చిత్తూరోళ్లకు పుల్ల మామిడి తెచ్చినాడు, చూడు వాడి ధైర్యం.

ఆదివారం వ్యాన్ నిండా చుట్టాలతో సంఘం మీటింగుకే పోయినాము. ఎదురు తాంబూలం జయచంద్ర ముందు పెట్టి "బావా" అన్నా. సభ్యులంతా లేచినారు. "ఏమప్పా, మన మీద కేసేసిన పాపను మాకు చెప్పకుండా కోడల్ని చేసుకుంటా ఉండావా?"

జయచంద్ర తాంబూలం పక్కకు తోసినాడు. "పెండ్లి కాదప్పా... కార్డు ఇస్తామని చెప్పేదానికి పోయినా."

యశోదమ్మ అత్త వదల్లేదు. "తాంబూలమిచ్చి మాట మారిస్తే మా పాప గతేంది? పెండ్లన్నా చెయ్యి, కార్డన్నా ఇయ్యి."

కొడుకును కాపాడుకునేదానికి ఆయనే పాత తీర్మానం రద్దు చెయ్యమన్నాడు. సరేనని అందరూ చేతులెత్తినారు. కేసు సంగతి నీ లాయర్ని అడుగు. నేను ఎందులోనూ సంతకం పెట్టలేదు.

నీ నాయన,
మునస్వామి

తా.క.: నీ ఉత్తరం శనివారమే అందింది. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దు. పెండ్లి లేదు, కార్డు వచ్చిందని మాత్రం వీళ్లకు చెప్పాల: తడలో లోకేశ్వరి చిన్నమ్మ, తిరుపతిలో బాలసుబ్రమణ్యం మామ, చీర కూడా కొనేసిన భారతమ్మ అవ్వ. కుప్పయ్య మనకు చుట్టం కాకపోయినా, ఆయనకు నువ్వే చెప్పు.