శుక్రవారం గ్రౌండు

ఇబ్రా నుంచి

బాబు గారికి, మీ సెలిన్ కోపంగానే వందనాలు చెబుతోంది.

ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నా, తర్వాత" అంటారు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పెడతారు. అందుకే కాగితం మీద రాసి, మీరుండే బురైమికి వస్తున్న తౌసీఫ్ భాయ్ చేతికిస్తున్నాను. దీనికి బొటనవేలు పెట్టలేరుగా!

మనకు వాటా ఉన్న క్లబ్బు గ్రౌండులో శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ల త్రోబాల్ ఇక లేదు. వారమంతా క్రికెట్ కోచింగ్ వాళ్లకి అద్దెకిచ్చేశారు. సెక్రటరీ అజ్మత్ భాయ్‌ని నిలదీశాను. "నన్నెందుకు తిడుతవ్ సిస్టర్? గ్రూప్‌ల ఓటింగ్ పెట్టిన. వాటాదారులందరు ఓకే అన్నరు. మీ ప్రసాద్ బాబు అందరికన్న ముందు థంబ్ కొట్టిండు" అన్నాడు. ఆయన భార్య జైనబ్ పక్కనే ఉంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అసలు చదివారా? లేక పొద్దున్నే వచ్చే బైబిల్ వాక్యానికి పెట్టినట్టు దానికీ పెట్టేశారా? మొన్న నాకు జ్వరమని రాసినా అదే పెట్టారు కదా మహానుభావా! ఐసీయూ డ్యూటీలో వారమంతా రోగుల మూలుగులు విని, ఆ ఒక్క సాయంత్రమే నేను గొంతెత్తి అరిచేది, నవ్వేది. అదీ లేదంటే ఏడుపొస్తోందండీ.

జైనబ్, నేను లాయర్ దగ్గరికెళ్లాం. "వాటాలు మీ భర్తల పేరు మీద ఉన్నాయి. కేసు వేయాల్సింది వాళ్లు, మీరు కాదు" అని పంపేశాడు. వాటా కొన్నది నా జీతంతో. మీ పేరు పెడదామన్నదీ నేనే. నా తలకాయ!

ఏం చేస్తారో మీ ఇష్టం.

సెలిన్

బురైమి

సెలిన్‌కి,

నీ తిట్లు రెండుసార్లు చదివాను. ఆ మెసేజ్ మాత్రం ఒక్కసారీ చదవలేదు. గ్రౌండు లైట్ల సంగతేమో అనుకున్నాను.

నువ్వు కలిసిన లాయర్‌కే ఫోన్ చేశాను. మీటింగ్ పెట్టకుండా ఫోన్‌లో బొటనవేళ్లు లెక్కపెడితే అది ఓటింగ్ కాదని వాదించొచ్చట. కానీ ఒప్పుకున్న నేనే కేసు వేస్తే కోర్టులో నవ్విపోతారన్నాడు. అందుకని వాటా నీ పేరు మీదకి మార్చే కాగితాలు తౌసీఫ్‌తోనే పంపుతున్నాను. ఈసారి అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాను.

కేసు నువ్వు వెయ్యి. ఓకే అన్న వాళ్లందరి మీదా వెయ్యి. ముందు థంబ్ కొట్టింది నేను కాబట్టి మొదటి పేరు నాదే రాయి. అజ్మత్ భాయ్ మాట్లాడ్డం మానేస్తే మానేయనీ. జడ్జి అడిగితే చదవకుండానే నొక్కానని నిలబడి చెబుతాను. సిగ్గే, అయినా చెబుతాను.

జ్వరం తగ్గిందా? ఆ రోజే అడగాల్సింది.

నీ మొదటి ప్రతివాది,
ప్రసాద్ బాబు