డబ్బాలో ఉన్నది పొర మాత్రమే

ఉద్దనపల్లి

అమ్మా రక్షితా,

ఈ డబ్బా తెరిచి ఏడవద్దు. ఇందులో ఉన్నది నీ టారంటులా సాలెపురుగు కాదు, అది విడిచిన పొర. ఎనిమిది కాళ్లూ వెంట్రుకలతో సహా అలాగే ఉన్నాయి చూడు!

నువ్వు ట్రైనింగుకు కోయంబత్తూరు వెళ్లాక అది పది రోజులు మేత ముట్టలేదు. జబ్బు చేసిందనుకుని, పట్టుపురుగుల తట్టల్లో చల్లినట్టే దాని గాజుపెట్టెలో ఓ మూల సున్నం చల్లాను. తెల్లవారి చూస్తే వెల్లకిలా పడి ఉంది. చంపేశాననుకుని మల్బరీ తోటలో గుంత కూడా తవ్వాను.

దాన్ని ఎత్తబోతుంటే మీ అవ్వ నా చేయి పట్టుకుంది. "తాకొద్దప్పా! చచ్చింటే కాళ్లు ముడుచుకోవా? మన పురుగుల మాదిరే పొర విడుస్తా ఉండాది."

పెట్టె కదలకుండా ఆ సున్నాన్ని చెంచాతో తీసేసి, ఇద్దరం పనులు మాని ఎదురుగా కూర్చున్నాం. పాత కాళ్లలోంచి కొత్త కాళ్లు మెల్లగా జారి వచ్చాయి.

మన పురుగులు నాలుగుసార్లు పొర విడిచి, గూడు కట్టగానే అంగడికి పోతాయి. ఆ తర్వాతి బతుకును మీ అవ్వ ఇన్నేళ్లలో చూడనే లేదు.

"దీన్ని ఈడే ఉండనీమని రాయప్పా. ఇంకోసారి పుట్టేది చూడల్ల" అంటోంది.

మీ మామ