జోలిలేకు ఏమవుతారు

జూలై 16, మంగళవారం, 1985

నిన్నటి నుంచి బాయ్‌కాట్. టౌన్‌లో తెల్లవాళ్ల దుకాణాల్లో మేమెవరం ఏమీ కొనం. సైన్యం మా నల్లవాళ్ల వాడని, ఈ లొకేషన్‌ని, ఖాళీ చేసేదాకా సబ్బుబిళ్ల కూడా కొనం. అన్నయ్య జోలిలే బాయ్‌కాట్ కమిటీ తరఫున వీధి వీధీ తిరిగి చెప్పాడు. కరపత్రం మాత్రం నన్ను రాయమన్నాడు. ఆదివారమంతా కూర్చుని ఇంగ్లిష్‌లో రాశాను. అన్నయ్య ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివి, టీచరమ్మా, ఇది చదివితే పోలీసులకి కోపం రాదే, నిద్రొస్తుంది అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చింపేసి మన భాషలో నాలుగు ముక్కలు రాశాను. ఈసారి చదివి, ఇప్పుడు నువ్వు మనింటి పిల్లవి అన్నాడు.

నేను చదువుకోవాలని అన్నయ్య నాలుగో క్లాసులోనే బడి మానేసి డెయిరీలో చేరాడు. ఆ మాట తనెప్పుడూ అనడు. తనకు బదులు నోతోజి అత్త అంటుంది. నాన్న పోయాక మేనత్తే మాకు పెద్దదిక్కు, నోరు కూడా పెద్దదే.

జూలై 21, ఆదివారం

ఎమర్జెన్సీ. రేడియోలో చెప్పారు. ఇక ఎవరినైనా, ఎందుకనేది చెప్పకుండా పట్టుకుపోవచ్చట. ఇన్నాళ్లూ చెప్పి పట్టుకుపోయారా అని అత్త రేడియోనే అడిగింది.

జూలై 23, మంగళవారం

హెడ్‌మాస్టర్ మకలీమా గారు టీచర్లందరినీ పిలిచి, ఊరేగింపుల్లో కనబడితే ఉద్యోగం పోతుందన్నారు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు నామీదే ఉన్నాయి. నాకు ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. అమ్మ నా చాక్‌పీస్ ముక్కలు కూడా పారేయదు, డబ్బాలో వేస్తుంది. తలవంచుకుని విన్నాను. ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్తే, నువ్వు బడి చూసుకో, వీధి నేను చూసుకుంటా అన్నాడు.

జూలై 27, శనివారం

జోలిలేను చంపేశారు.

జూలై 28, ఆదివారం

రాయాలి. రాయకపోతే వాళ్లు చెప్పేదే మిగులుతుంది.

నిన్న చర్చి నుంచి ఊరేగింపుగా బయల్దేరారు. చేతుల్లో ఏమీ లేవు. అన్నయ్య ముందు వరుసలో ఉన్నాడు. మూల మీద రైల్వే లారీ ఒకటి ఆగి ఉంది, వెనకాల పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ పెట్టెల వెనక నుంచి పోలీసులు లేచి కాల్చారు. ఆగమనలేదు, వెళ్లిపోండనలేదు. అన్నయ్యకి వీపులో తగిలింది. పక్కనున్న పిల్లను లేపడానికి వెనక్కి తిరిగాడట.

రాళ్లు రువ్వారు కాబట్టి కాల్చామని సాయంత్రం రేడియోలో చెప్పారు. ఆ వీధిలో అంతా ఇసుకే. రువ్వాలన్నా రాయి దొరకదు.

అమ్మ మంచాలన్నీ బయట పెట్టించి, గది ఖాళీ చేసి, నేలమీద చాప వేసుకుని కూర్చుంది. ఆడవాళ్లు వస్తున్నారు, పక్కన కూర్చుంటున్నారు. నేను టీ ఇస్తున్నాను. ఏడుపు రావడం లేదు. కోపానికి అడుగు దొరకడం లేదు.

జూలై 30, మంగళవారం

మార్చురీకి వెళ్లాం. అన్నయ్యని ఇవ్వబోమన్నారు. ఎందుకన్నాను. పైనుంచి ఆర్డర్ రావాలన్నారు. పై ఎక్కడుందన్నాను. అక్కడి గుమస్తా, నువ్వు చదువుకున్నదానివి, నీకే తెలియాలి అన్నాడు.

ఆగస్టు 1, గురువారం

ఆర్డర్ వచ్చింది. ఇంటిముందు కాస్పిర్ ఆగింది. ఆ ఇనుప బండి ఆగితే మా కిటికీలు వణుకుతాయి. వెర్మాక్ అనే ఆఫీసర్ దిగాడు. తెల్లవాడు, పల్చటి మీసం. వాడి వెనక కానిస్టేబుల్ వుయాని. వుయాని మా లొకేషన్‌వాడే. పోలీసుల్లో చేరాడని ఏప్రిల్‌లో మావాళ్లే వాడి ఇల్లు తగలబెట్టారు. అప్పటినుంచి స్టేషన్ వెనకాల డేరాలో ఉంటున్నాడు. మా వీధిలో వాడికి పేరు లేదు, కుక్క అంటారు.

షరతులు వెర్మాక్ చదివాడు, నేను అమ్మకి చెప్పాను. అంత్యక్రియలు ఆదివారం కాదు, మంగళవారం పొద్దున. పాట వద్దు, జెండా వద్దు, పాస్టర్ ప్రార్థన తప్ప మాట వద్దు. స్మశానానికి రక్తసంబంధీకులు మాత్రమే రావాలి. ఒప్పుకోకపోతే శవాన్ని పోలీసులే పూడుస్తారు. ఎక్కడో చెప్పరు.

అమ్మ సరే అంది. అంతే. సరే.

నేను వెర్మాక్ ముందే అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. ఊరంతా అన్నయ్య కోసం నిలబడితే మనం నలుగురం దొంగల్లా వెళ్లి పూడ్చి రావాలా అన్నాను. మేజిస్ట్రేట్‌కి అర్జీ రాస్తానన్నాను. అర్జీ రాస్తుందట అర్జీ అని అత్త ముక్కు చీదింది. అమ్మ వెళ్లి చాప మీద కూర్చుంది. అమ్మ మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆగస్టు 4, ఆదివారం

మా అమ్మ లొంగిపోయిందనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

మూడు రోజులుగా పరామర్శకి వచ్చినవాళ్లందరినీ అమ్మ ఒకటే అడుగుతోంది. మీ అమ్మ ఏ వంశం? మీ నాన్నమ్మ ఏ వంశం? దుఃఖంలో ఏదో అడుగుతోందనుకుని నేను కప్పులు కడుగుతూ ఉన్నాను. ఇవాళ అత్త పక్కన చేరి లెక్క తీయడం మొదలుపెట్టాక అర్థమైంది. మేం గాట్యేనీలం. ఇంటిపేర్లు ఏవైనా గాట్యేని అంటే అన్నదమ్ములే, పిల్లనిచ్చుకోం. తల్లి గాట్యేని అయితే మేనల్లుడు. నాన్నమ్మ గాట్యేని అయితే మనవడు. ఇలా చూసుకుంటూ పోతే ఈ లొకేషన్‌లో అన్నయ్యకి ఏమీ కానివాళ్లు ఎందరు?

డెయిరీలో బండి తోలే నెరిసిన గడ్డం ఆయన తన తల్లి గాట్యేని అనగానే అత్త చప్పట్లు కొట్టి, అయితే జోలిలే నీకు మేనమామరా, మామ చచ్చిపోతే డెయిరీలో పని ఉందని ఎగ్గొడతావా అంది. ఆయన నవ్వబోయి ఏడ్చాడు.

వాళ్లు రక్తం అన్నారు, మనమేమీ అబద్ధం ఆడటం లేదు అంది అమ్మ. నాకు చదువు చెప్పిన ఏ పుస్తకంలోనూ ఇది లేదు. వెళ్లి అమ్మ ఒడిలో తల పెట్టుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆగస్టు 5, సోమవారం

అన్నయ్యను ఇంటికి తెచ్చారు. శవపెట్టె మూత తీసి చూశాను. చొక్కా ఎవరిదో వేశారు. అమ్మ అది విప్పించి అన్నయ్య చొక్కానే తొడిగించింది.

రేపు బడికి వెళ్లను, సెలవూ పెట్టలేదు. పెట్టను కూడా.

ఆగస్టు 6, మంగళవారం

 వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

చలి. ఆడవాళ్లంతా దుప్పట్లు కప్పుకుని వచ్చారు. పెట్టెను మగవాళ్లు భుజాలమీద మోశారు. చర్చి దాటేసరికి వెనక జనం కనబడినంత దూరం ఉన్నారు. పాడొద్దన్నారు కాబట్టి పాడలేదు. అడుగుల చప్పుడే. అంతమంది మౌనంగా నడుస్తుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది.

స్మశానం మలుపులో రెండు కాస్పిర్లు అడ్డం పెట్టారు. వెర్మాక్ లౌడ్‌స్పీకర్ పట్టుకుని, రక్తసంబంధీకులన్నాం, ఊరంతా వచ్చారేంటి అని అరిచాడు. అమ్మ నావైపు చూసింది. నేను ముందుకెళ్లాను. మకలీమా గారు, ఉద్యోగం, అమ్మ చాక్‌పీస్ డబ్బా, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. వీళ్లంతా రక్తసంబంధీకులే సర్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఒక్కొక్కరినీ అడుగుతానన్నాడు. అడగమన్నాను.

మొదట కిరసనాయిలు అమ్మే ముసలమ్మ. ఏమవుతావు? మనవడు అంది. ఎలా? వాడి తాతదీ నాదీ ఒకే వంశం, అంతకన్నా దగ్గర కావాలంటే నీ పేగు కోసి కట్టుకో అంది. చివరి ముక్క నేను ఇంగ్లిష్‌లోకి మార్చలేదు.

తర్వాత డెయిరీ బండాయన. మామ అన్నాడు. వెర్మాక్ ఆయన గడ్డం చూసి, చచ్చినవాడు కుర్రాడు, నీకు మామ ఎలా అవుతాడన్నాడు. ఏం చెయ్యను సర్, మా అమ్మవైపు మగాళ్లంతా నాకు మామలే, ఉయ్యాల్లో ఉన్నా మామే అన్నాడాయన. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెట్టె మోస్తున్నవాళ్ల భుజాలు కూడా కదిలాయి. అన్నయ్య ఉంటే అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

మూడో ఆయన బాగా ముసలాయన. కర్ర నేలకి ఆన్చి, గొంతు సవరించుకుని వంశం చదవడం మొదలుపెట్టాడు. గాట్యేని, మమాలి, ఎన్‌డొండెలా అంటూ ఒక్కో పూర్వీకుణ్ణీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎంతసేపు ఇది అన్నాడు వెర్మాక్. ఇప్పుడే ముత్తాత దాకా వచ్చారు సర్, సముద్రం ఒడ్డున మీ ఓడలు కనబడ్డ రోజుకి రావాలంటే ఇంకాస్త పడుతుంది అన్నాను. అది నేను అన్న మాటేనని ఇప్పుడు రాస్తుంటే నమ్మకం కలగడం లేదు.

వాడి మొహం ఎర్రబడింది. తుపాకులు పైకి లేచాయి. అప్పుడు వుయానిని ముందుకు పిలిచాడు. నువ్వు వీళ్లవాడివేగా, ఈ పిల్ల చెప్పేది అబద్ధమా నిజమా, చెప్పు. అబద్ధమంటే ఇక్కడే చెదరగొడతానన్నాడు.

అందరం వుయానిని చూశాం. వాడు నేలను చూస్తున్నాడు. వాడు అబద్ధమంటే అయిపోయింది. అనడానికి వాడికి అన్ని కారణాలూ ఉన్నాయి. వాడి ఇల్లు తగలబెట్టినవాళ్లు కూడా ఈ గుంపులోనే ఉండొచ్చు.

అమ్మ పెట్టె దగ్గరనుంచి కదిలి వాడి ముందుకెళ్లి నిలబడింది. కుక్క అనలేదు. వుయాని అని కూడా అనలేదు. గాట్యేని, అంది. పెద్దమనిషిని పిలిచినట్టు, కృతజ్ఞత చెప్పేటప్పుడు పిలిచినట్టు పిలిచింది. గాట్యేని, నీ తమ్ముణ్ణి పూడ్చడానికి తీసుకెళ్తున్నాను, దారి అడుగుతున్నాను.

వుయాని గాట్యేని అని నాకు తెలియదు. మూడు రోజులు లెక్కలు తీస్తూ అమ్మ ఇది కూడా తీసిందన్నమాట.

వాడు తలెత్తాడు. ఏప్రిల్ తర్వాత వాణ్ణి ఆ పేరుతో ఎవరూ పిలిచి ఉండరు. వెర్మాక్‌ వైపు తిరిగి వాళ్ల ఆఫ్రికాన్స్ భాషలో నాలుగు మాటలన్నాడు. నిజమే సర్. అందరూ బంధువులే.

నువ్వు కూడానా అన్నాడు వెర్మాక్.  వుయాని టోపీ సరిచేసుకున్నాడు.

కాస్పిర్ వెనక్కి జరిగింది.

గొయ్యిలోకి దించాం. పాస్టర్ ప్రార్థన అవ్వగానే మగవాళ్లు పారలందుకున్నారు. ఒకరు నాలుగు పారలు వేసి పక్కవాడికి, పక్కవాడు ఇంకొకడికి. అంతమంది చేతులు పడాలంటే చాలాసేపు పట్టింది. చివరి పార పడ్డాక అత్త పాట ఎత్తింది. వద్దన్నారు కదా అని ఎవరో గొణిగారు. వద్దన్నది పూడ్చేముందు సంగతి, ఇంకా వాడు వాళ్ల చేతిలో ఉన్నాడా అంది అత్త. అంతా పాడాం. మట్టి అదిరేలా అడుగులు వేస్తూ పాడాం. రెండో పాటకి టియర్‌గ్యాస్ వేశారు. వేసుకోనీ. అప్పటికే అన్నయ్య మీద మా మట్టి ఉంది.

ఆగస్టు 7, బుధవారం

కళ్లు ఇంకా మండుతున్నాయి. పొద్దుటినుంచి అత్త, అమ్మ గొడవ. ఆ కుక్కని వంశం పేరుతో పిలుస్తావా, మా నాన్న పేరది అంటుంది అత్త. అమ్మ మొక్కజొన్న దంచుతూనే, నేను వాణ్ణి క్షమించలేదు వదినా, వాడికి పని చెప్పాను, చేశాడు అంది. రేపు మళ్లీ కాలుస్తాడు అంది అత్త. కాల్చినా గాట్యేనీయే, ఇక ఆ పేరు వాడే మొయ్యాలి అంది అమ్మ.

నేను ఎవరి పక్షమో తేల్చుకోలేకపోతున్నాను.

ఆగస్టు 12, సోమవారం

ఉద్యోగం పోయింది. మకలీమా గారు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. పోనీలెండి సార్ అని నేనే ఆయన్ని ఓదార్చాను. అమ్మ లోపలికి వెళ్లింది. చాక్‌పీస్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, చర్చి వెనక గది ఖాళీగానే ఉందిగా అంది.

ఆగస్టు 14, బుధవారం

చర్చి గదికి పిల్లలు వచ్చారు. బెంచీలు లేవు. అత్త కూడా వచ్చి వెనక కూర్చుంది. అక్షరాలకి రాలేదట, ఆ గదిలో ఎండ బాగా పడుతుందట.

ఆగస్టు 19, సోమవారం

కాస్పిర్ మీద వుయాని. అదే యూనిఫారం, అదే తుపాకీ. నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. చూశావా అన్నట్టు అత్త నావైపు చూసింది. నోరు తెరిచి తిట్టినా బాగుండేది.

లౌడ్‌స్పీకర్‌లో కొత్త ఆర్డర్ చదివారు. ఇకమీదట అంత్యక్రియలకు బంధువులంటే తల్లి, తండ్రి, భార్య, పిల్లలు మాత్రమే. తక్కినవాళ్లు బంధువులు కారు. మన చుట్టరికం తగ్గించడానికి గవర్నమెంటు మీటింగు పెట్టుకుందన్నమాట అంది అత్త. దంచే రోలు దగ్గర ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఈ ఆర్డర్‌లో అన్నకి చెల్లెలు కూడా లేదు.

ఆగస్టు 26, సోమవారం

నిన్న ఇటుక బట్టీ దగ్గర కాల్పులు. టెబోహో అనే అతను పోయాడు. లెసోతో నుంచి పనికి వచ్చాడట. నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల భాష వేరు, ఇక్కడ అతని వంశంవాళ్లు ఎవరూ లేరు. బట్టీ కూలీలు అడిగితే, బంధువులు లేరు కాబట్టి రేపు పొద్దున తామే పూడ్చేస్తామన్నారు పోలీసులు.

అమ్మ చాలాసేపు వేళ్లమీద ఏదో లెక్కపెట్టింది. తర్వాత చేతులు దులుపుకుంది. ఏ వైపునుంచీ కలవదు అంది.

ఆగస్టు 27, మంగళవారం, తెల్లవారుజాము

వీధిలో మావాళ్లు దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉన్నారు. పారలు తెచ్చుకున్నారు. నన్ను పిలుస్తున్నారు, వెర్మాక్‌తో మాట్లాడాలి కదా.

ఏమవుతావని అడుగుతాడు. ఏమీ కాను.

వెళ్తున్నాను.