నిరాకరణకు కారణం

1936 ఫిబ్రవరి 3, సోమవారం
శివరాత్రికి శ్రీశైలం పోయే జనం దోర్నాల దారిలో కదిలారు. వాళ్ళ వెనకే కలరా. దారిలో ఇద్దరు పోయారట. తర్లుపాడు పక్క పల్లెలన్నిటికీ ఇనాక్యులేషన్, అంటే కలరా సూది, వేయమని హెల్త్ ఇన్‌స్పెక్టరుగా నాకు ఆర్డరు.

పొద్దున క్రైస్తవుల పాలెంలో అరగంట లెక్చర్ ఇచ్చాను. బాక్టీరియా, చార్టు, అన్నీ. శ్రద్ధగా విన్నారు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. రిజిస్టరులో నూట నలభై పేర్లు. 'నిరాకరణకు కారణం' కాలమ్‌లో, అలవాటుగా, 'అజ్ఞానం' అని రాసుకుంటూ పోయాను.

ఫిబ్రవరి 4
మళ్ళీ వెళ్ళాను. ముసలి మార్తమ్మ సూటిగా అడిగింది: మీ ఇంటామె సూది పొడిస్తేనే పోయిందంట గదా నాయనా, మళ్ళా మా మీదికి వచ్చినావా అని. పక్కవాళ్ళు ఆమెను గదమాయించారు.

చార్టు చుట్టేశాను. సూదితో కాదు, సూది వద్దని, కలరాతో పోయింది అన్నాను. పది నెలల్లో దయామణి గురించి పైకి అన్న మొదటి మాట.

ఎందుకు వద్దనిందయ్యా, అంది మార్తమ్మ.

ఇంటికొచ్చి నిరుటి రిజిస్టరు తీశాను. నా భార్య పేరు. ఎదురుగా నా దస్తూరీ. 'అజ్ఞానం'.

ఫిబ్రవరి 5
ఎక్కడికీ పోలేదు.

ఫిబ్రవరి 6
లెక్చర్ ఇవ్వలేదు. మార్తమ్మ అరుగు మీద కూచుని, నీకెందుకు వద్దమ్మా అని అడిగాను. ఇట్ల అడిగినోడివి నువ్వే మొదలు అని నవ్వింది. సూదంటే బయమేంది, రెండు దినాలు చెయ్యి వాస్తది, అంత లోతు బాయిలో నీళ్ళెవరు తోడతారు, నువ్వు తోడతావా అంది. అందరూ నవ్వారు.

నేనూ నవ్వబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు దయామణి బిందె చంకన పెట్టుకుని ఇదే మాట అంది. మీరు క్యాంపుకు పోతే నీళ్ళెవరు తోడతారని. నేను కరపత్రం మొదటి పేరా చదివి వినిపించాను.

ఉపాయం మార్తమ్మదే. ఈ వరస ఇళ్ళవాళ్ళు శనివారం వేయించుకుంటే ఆ వరసవాళ్ళు నీళ్ళు తోడాలి. మంగళవారం అటువాళ్ళ వంతు.

ఫిబ్రవరి 8, శనివారం
డెబ్బై ఒక్కరు. మొదట మార్తమ్మే కూచుంది.

సాయంత్రం గొర్రెల యల్లయ్య దారి కాసి, మా వాడకు ఎప్పుడు వస్తావయ్యా, మేము గూడా వంతులు ఏసుకున్నాం అన్నాడు. ఈ వంతుల సంగతి అతనికి నేను చెప్పింది కాదు.

ఫిబ్రవరి 11
రెండో వరస. అరవై ఆరు.

ఫిబ్రవరి 12
నిరుటి రిజిస్టరులో ఒక పదం కొట్టేశాను. దిద్దుబాటుకు నిబంధన ప్రకారం పక్కన సంతకం, తేదీ.

కారణం: నీళ్ళు తోడాలి.