రెండు మిషన్లు కలిసి మోగవలెను

శ్రీకాకుళం పట్టణ శివారున, శ్రీకూర్మం పోవు దారిలో సొంత ఇంట నివసించుచున్న, కీర్తిశేషులు లోలుగు అప్పలస్వామి గారి పెద్ద కుమారుడను, కుట్టు మిషన్ల మరమ్మతు వృత్తిగా గలవాడను, నలభై ఎనిమిది సంవత్సరముల వయసు గల లోలుగు నరసింగరావు అను నేను, నిలకడైన మనసుతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతివ్రాతతో వ్రాసుకొన్న మరణశాసనము.

దీనిని దస్తావేజు లేఖరి చేత వ్రాయించలేదు. రాత్రి బడిలో చదివి, ముప్పై దాటిన తరువాత పదవ తరగతి, ఆపైన ఇంటర్మీడియట్ ఉత్తీర్ణుడనైతిని. నా మాట నేను వ్రాసుకోగలను. వచ్చే వారం విశాఖపట్నంలో నా గుండెకు శస్త్రచికిత్స జరుగనున్నది. డాక్టరు గారు భయం లేదన్నారు. వెంట ఎవరు వస్తారని మాత్రం అడిగారు. ఆసుపత్రి కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలి వచ్చాను. నాకు భార్యాబిడ్డలు లేరు.

1. ఈ వీలునామాను అమలు జరుపవలసినదిగా, రాత్రి బడిలో నాకు తెలుగు చెప్పిన విశ్రాంత ఉపాధ్యాయిని శ్రీమతి గౌరి గారిని నియమించుచున్నాను. ఇందులో తప్పులు కనిపించినచో ఎర్ర సిరాతో దిద్దరాదని మనవి. వీలునామాపై దిద్దుబాటు చెల్లదు. ఆమె దిద్దకుండా ఉండలేరని నాకు తెలుసు గనుక ముందే వ్రాయుచున్నాను.

2. నా ఇంటి ముందు గదిని, అందులోని ఏడు పాత కుట్టు మిషన్లను విక్రయించరాదు. ఒకటి మా నాన్నది; తక్కిన ఆరూ సాలూరు, నరసన్నపేట, పర్లాకిమిడి వైపు ఊళ్లలో అటకల మీద, గొడ్ల సావిళ్లలో తుప్పు పట్టి పడి ఉండగా తెచ్చి, ప్రతిదానికీ ప్రాణం పోసితిని. వచ్చినవారు కూర్చుని కుట్టి చూచుటకే ఆ గది. కావున:

అ) అద్దాల పెట్టె, తాడు, "తాకరాదు" అను బోర్డు ఉండరాదు.

ఆ) ప్రతి మిషనుకూ దారం ఎక్కించి, సూది దగ్గరి పాదం కింద గుడ్డ పెట్టి ఉంచవలెను. ఖాళీ మిషను ముందు ఎవరూ కూర్చోరు.

ఇ) ప్రతి మిషను దగ్గరా రెండు పీటలు వేయవలెను. ఒకటి వచ్చినవారికి, ఒకటి పక్కన కూర్చుని చెప్పేవారికి.

ఈ) కొత్తవారు చక్రాన్ని తమ వైపు తిప్పక అవతలికి తిప్పుతారు, దారం తెగుతుంది. నవ్వరాదు. మళ్లీ ఎక్కించి ఇవ్వవలెను.

3. ఈ ప్రదర్శనను ఆయుధపూజ నాడు తెరువరాదు. కారణం వ్రాయుచున్నాను. ఈ సంవత్సరం దసరాలలో, మహర్నవమి మంచి రోజని నేనే నిర్ణయించి, గది తెరిచాను. మిషన్లకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు పెట్టాను. శ్రీకూర్మం వెళ్లే భక్తుల బస్సు ఆగింది. గది నిండా జనం. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోనికి వచ్చి, ఏడు మిషన్లకూ వరసగా దండం పెట్టారు. కూర్చోమని ఎంత బతిమాలినా, "అపసారం బాబూ, పూజలో ఉన్న ఇనుముని కాల్తో తొక్కుతామేటి?" అని ఒక పెద్దావిడ చెంపలు వేసుకున్నది. ప్రసాదం తీసుకుని అందరూ బస్సెక్కారు. సాయంత్రం వరకు వచ్చినవారందరిదీ అదే వరస. పనిముట్టును ముట్టుకోని రోజున ముట్టుకొమ్మని పిలిచిన వాడిని నేను. అప్పటివరకు ఒక్క చక్రమూ కదలలేదు.

4. అదే రోజు పొద్దు వాలుతుండగా దేముడమ్మ వచ్చినది. ఈమె కళింగపట్నం రేవు నుండి ఎండుచేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముకొను మనిషి. గంప అరుగు మీద దించి, చినిగిన సంచి చేతబట్టుకుని, "ఏటి బాబూ, ఇయి కుట్టీవా, దండమెట్టుకునీవా?" అని అడిగినది. ఈరోజు పూజలో ఉన్నవని చెప్పితిని. "ఐతే ఏటి? పూజ సేసిన పడవెక్కే కదా మావోళ్లు ఏటకెల్తారు" అని, దండ తీసి పక్కన పెట్టి కూర్చున్నది. ఆమె కూర్చున్నది అన్నిటికన్నా పాత మిషను. దానిలో అడుగు దారం పట్టు షటిల్ పడవ ఆకారంలో ఉంటుంది. అది చూసి, "ఓలమ్మో, ఇందల తెప్పున్నాది!" అని మురిసిపోయినది. చూపించుటకు నేను పక్క మిషను మీద కూర్చున్నాను. రెండూ కలిసి మోగినవి.

మా అమ్మ నారాయణమ్మ, మా నాన్న పక్కపక్కనే కూర్చుని కుట్టేవారు. ఆ రెండు మిషన్ల చప్పుడులో మేము అన్నదమ్ములం నిద్రపోయేవాళ్లం. వారు పోయిన తరువాత ఆ చప్పుడు మళ్లీ ఆనాడే విన్నాను. నా ఇంట మిషన్లు ఏడున్నా, ఒక మనిషి ఒకసారికి ఒకదానినే తొక్కగలడు.

అందువలన ఆ పడవ షటిల్ మిషనును దేముడమ్మకు వ్రాయుచున్నాను. గదిలోనే ఉంచుకొనుటకుగాని, ఇంటికి తీసుకుపోవుటకుగాని ఆమెకు పూర్తి హక్కు. గంప దించుకొనుటకు అరుగు ఎప్పటికీ ఆమెదే. సాక్షిగా వేలిముద్ర వేస్తానని ముందుకు వచ్చినది. సాక్షి సంతకం చేసినవారికి వీలునామా ద్వారా ఆస్తి సంక్రమించదని చదివి ఉన్నాను గనుక వద్దన్నాను. కారణం చెప్పలేదు. కోపం వచ్చినది. "నా ఏలు పనికిరాదేటి? సర్లే, ఆస్పత్రికైతే నానే వస్తాను, వద్దంటే ఊరుకోను" అన్నది. అక్కర లేదన్నాను. రెండు రోజులుగా గంప దించకుండానే పోవుచున్నది.

5. నా నూనె డబ్బా గౌరి గారికి. వారి ఇంటి గేటు కీచుమనుచున్నదని ఎన్నోమార్లు చెప్పితిని.

6. నా తమ్ముడు ధనరాజు విషయము. పంపకాలలో నాన్న మిషను నాకు, అమ్మ మిషను అతనికి వచ్చినవి. అతడు ఎచ్చెర్ల దగ్గర హోటలు పెట్టి, అమ్మ మిషను తల ఊడదీసి పాత ఇనుముకు వేసి, ఇనుప కాళ్ల మీద గ్రానైటు పలక బిగించి గల్లాబల్లగా చేసుకున్నాడు. తలను నేను విడిపించి తెచ్చి ఇన్నేళ్లుగా నూనె పెట్టుచున్నాను. అది ఆ ఏడింటిలో చేరదు. మిగతావి కూడా అడుగుచు, "అన్నియ్యా, ఈ ఇనప సామాను సూడ్డానికి మనిసన్నవోడు వస్తాడేటి? ఇటిచ్చీ, టేబుళ్లు సేయించుకుంతాను" అన్నాడు. ఆరోజు నుండి మాటలు లేవు. శస్త్రచికిత్స సంగతి అతనికి తెలియదు.

అమ్మ మిషను తలను ధనరాజుకు వ్రాయుచున్నాను. షరతు ఒక్కటే. ఇనుప కాళ్లు ఈ గదికి తెచ్చి, తల తిరిగి బిగించి, నాన్న మిషను పక్కన నిలుపవలెను. తేనిచో తల ఇక్కడే, బల్ల మీద, కాళ్లు లేకుండా ఉండును. వచ్చినవారు అడిగితే గౌరి గారు ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను.

7. నేను పోయిన పిదప నా మిషన్ల మీద గుడ్డ కప్పరాదు, దండలు వేయరాదు, దినకార్యం అయ్యేవరకు ముట్టరాదనే ఆచారం పాటించరాదు. ఆ పదిరోజులూ గది తెరిచి ఉంచవలెను. ధనరాజు కాళ్లు తెచ్చిన రోజున అతడే అమ్మ మిషను మీద కూర్చుని, దేముడమ్మను నాన్న మిషను మీద కూర్చోబెట్టవలెను. ఇద్దరూ కలిసి తొక్కవలెను. అతనికి కుట్టడం రాదు, దారం తెంపుతాడు. తెగినప్పుడల్లా దేముడమ్మ ఎక్కించి ఇచ్చును, ఆమెకు నేర్పితిని. ఒకవేళ శస్త్రచికిత్స నుండి నేను తిరిగి వచ్చినచో ఈ పత్రం రద్దు కాగలదు గాని, ఈ ఏడవ నిబంధన రద్దు కాదు. అప్పుడు దారం నేను ఎక్కించి ఇత్తును.

ఇందుకు సాక్షిగా, దిగువ ఇద్దరి ఎదుట, 2025 నవంబరు 14వ తేదీ శుక్రవారం నాడు, ఇదే గదిలో సంతకం చేసితిని. ఇప్పుడే వెలుపల అరుగు మీద గంప దించిన చప్పుడైనది. ఆసుపత్రి వారి కాగితంలో ఆ గడి నింపెదను.

(సం.) లోలుగు నరసింగరావు

సాక్షులు:
1. పొన్నాడ గంగరాజు, కిరాణా వ్యాపారి, ఎదురిల్లు
2. కింతలి దేవేంద్ర, ఆటో డ్రైవరు, పక్క వీధి