కాగని నీళ్లు, కాలిన స్తంభం

పట్టపుపాలెం,
నవంబరు, 1964

విద్యుత్తు ఉపవిభాగం అసిస్టెంటు ఇంజనీరు గారి సముఖమునకు, పట్టపుపాలెం ప్రసూతి కేంద్రం నర్సు ఎలిశబెతు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శాఖవారి కొయ్య స్తంభమును వంటచెరకుగా వాడిన నేరమునకు సంజాయిషీ.

తమ నోటీసు అందినది. మా కేంద్రానికి తమ శాఖ నుండి ఇంత వేగంగా వచ్చినది ఇదే మొదటిది గనుక కళ్లకద్దుకొని చదివాను. నా మనవి ఈ క్రింది విధంగా ఉన్నది.

1. కత్తెరలు, సూదులు మరగబెట్టుటకు మా కేంద్రానికి కరెంటు స్టవ్వు ఒకటి దయచేయబడినది. 230 వోల్టులు, 5 ఆంపియర్లు అని దాని మీద అచ్చు వేసి ఉన్నది. ఆ అచ్చును స్టవ్వు నేటివరకు నమ్మలేదు. మా పాలెం లైనుకు చిట్టచివర ఉన్నందున, దారిలో అందరూ వాడుకోగా మిగిలిన కరెంటే మాకు చేరును. గిన్నెడు నీళ్లు పెడితే పసిబిడ్డకు స్నానం చేయించవచ్చు. కత్తెరకు మాత్రం ఆ వేడి చాలదు.

2. నేను ఫిర్యాదు చేయగా తమ సూపర్‌వైజరు రంగనాయకులు గారు మీటర్లతో దయచేసినారు. మర్యాదస్థులు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి కొలిచినారు. వోల్టేజి 115, కరెంటు రెండున్నర ఆంపియర్లు. మొదటిదాన్ని రెండవదానితో భాగించి, సుద్దముక్కతో మా గోడ మీద 46 అని వేసి, చుట్టూ సున్నా చుట్టినారు.

"స్టవ్వులో ఏ దోషమూ లేదమ్మా. అచ్చులోని 230ని 5తో భాగించినా తీగ నిరోధం నలభైయారు ఓములే, ఇప్పుడూ నలభైయారే ఉండాది" అన్నారు.

"మరి నీళ్లు కాగవేం నాయనా?"

"ఎట్ట కాగతాయి? వోల్టేజి సగమే ఉండాది. అందుకని కరెంటూ సగమే పారతాది. రెండిటినీ హెచ్చవేస్తే వచ్చేది పవరు. 1150 వాట్లు రావలసిన చోట 287న్నర. సరిగ్గా నాలుగో వంతు! చూడండమ్మా, ఎంత చక్కగా కుదిరిందో!"

సగం వోల్టేజికి సగం వేడి వచ్చుననీ, రెండింతలసేపు కాచుకుంటే సరిపోవుననీ అంతవరకు నేను భ్రమపడి ఉన్నాను. ఆ భ్రమ పోయినది. నీళ్లు మాత్రం కాగలేదు. ఇచ్చే వేడి ఇస్తుంటే, పోయే వేడి గిన్నెలోంచి పోతూనే ఉన్నది. తరువాత తమ ఆఫీసు నుండి కాగితం వచ్చినది: "పరికరము నిర్దోషి. కారణము కనుగొనబడినది. ఫిర్యాదు పరిష్కరించబడినది."

3. వోల్టేజి పెరుగునట్లు పాలెంలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టుటకని తమవారు తారు పూసిన స్తంభమొకటి బండి మీద తెచ్చి మా వాకిట పడవేసినారు. ట్రాన్స్‌ఫార్మరు రాలేదు. స్తంభం కింద ఎండ్రకాయలు కాపురం పెట్టినవి.

4. పోయిన వారం వాయుగుండం నాడు, మధ్యాహ్నం వేళ, చేపలు పట్టే మాల్యాద్రి తన భార్య గురవమ్మను మంచం మీద మోయించుకొని వచ్చినాడు. తొలికాన్పు. అప్పటికే వేసారిపోయి ఉన్నది. స్టవ్వు వేశాను, దాని తీగ సిగ్గుపడినట్లు కాస్త ఎర్రబడి ఊరుకున్నది. సరుగుడు కట్టెలు తడిసి ముద్దయినవి. పొగ తప్ప మంట లేదు. లోపల గురవమ్మ కేక.

మాల్యాద్రి వాకిట్లోకి చూచినాడు. "నర్సమ్మా, ఆ కరెంటు మానుకు తారు పూసుండాది గదా. అంటుకుంటాదేమో?"

"అది గవర్నమెంటుది నాయనా."

"గురవమ్మ నాది గదమ్మా" అన్నాడు.

"నరుకు" అన్నాను. గొడ్డలి వాడిది, మాట నాది. నోటీసులో ఇద్దరి పేర్లూ వేయగలరు.

స్తంభం వానలోనూ భగ్గున మండినది. నీళ్లు తెర్లినవి. ఎన్ని వాట్లో కొలుచుటకు మావద్ద మీటరు లేదు. ఆడపిల్ల పుట్టినది. వెంటనే తల్లికి రక్తం ఆగకుండా పోయినది. మరిగిన సూది సిద్ధంగా ఉన్నందున మందు ఎక్కించగలిగాను. రక్తం ఆగేదాకా గోడ మీది 46ను చూస్తూ ఆమె కాళ్లు పైకెత్తి పట్టుకొని కూర్చున్నాను. అంత సరియైన అంకె అంత పనికిమాలినదిగా నాకెన్నడూ కనిపించలేదు.

5. కావున నా విన్నపమేమనగా: స్తంభం నరికినందుకు ఏ శిక్షయినా విధించండి. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం పెట్టించండి. అది కుదరనిచో, 287న్నర వాట్లకు తగినట్లుగా ఎలా కనవలెనో మా పాలెం ఆడవాళ్లకు ఒక సర్క్యులరు దయచేయించండి.

చిత్తగించుటకు వోల్టేజి అక్కరలేదు గనుక, వెంటనే చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
ఎలిశబెతు

తా.క.: కవరు అంటిస్తుండగా మాల్యాద్రి వచ్చాడు. నోటీసు సంగతి విని, "నరికింది నేనైతే నిన్నడిగేదేందమ్మా? ఆ దొరకు బిడ్డను చూపిస్తా. చూసినాక ఏమంటాడో అననీ" అన్నాడు. పచ్చి బాలింత, బస్సు కుదుపులు వద్దురా అని మొత్తుకున్నాను. మొగుడు ఒక్కడే పోతే ఏం మాట్లాడి వస్తాడోనని గురవమ్మే ముందు లేచింది. అందుకని ఈ అర్జీ వాళ్ల చేతికే ఇస్తున్నాను. అయ్యా, తమరిది చదివే వేళకు ముగ్గురూ మీ గుమ్మంలోనే ఉంటారు. మాల్యాద్రిని తర్వాత తిట్టవచ్చు. ముందు గురవమ్మను కూర్చోబెట్టండి. ఫ్యాను కింద వేయించండి కుర్చీ. మీ ఆఫీసులో అది తిరుగుతుందనే అనుకుంటున్నాను.